ఆఖరంకె

ఆ గేటు దగ్గర కాలక్షేపానికి ఉన్నవి రెండే. కొండ, రైలు. కొండ కదలదు కదా అనుకోవడానికి కూడా లేదు. గనులు మొదలెట్టిన దగ్గర్నుంచి అదీ ముక్కలు ముక్కలుగా రోజూ రైలెక్కి విశాఖపట్నం రేవుకి పోతూనే ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఉన్నచోటే ఉన్నది నూకాలమ్మ ఒక్కతే.

ఆమె మొగుడు ఎర్రన్న బస్తరు అడవిలో, ఇనుపరాయి బళ్ళు నడిచే లైను మీద గేట్‌మన్. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా డ్యూటీ. ఆ పన్నెండు గంటల్లో మనిషికి ఆకలేస్తుందనీ, కునుకొస్తుందనీ రూళ్ళ పుస్తకం రాసినవాళ్ళకి తోచలేదు. తోచినా, పెళ్ళాలు ఉన్నారు కదా అని ఊరుకుని ఉంటారు. ఎర్రన్న అన్నానికి లేస్తే నూకాలమ్మ కొంగు బొడ్లో దోపుకుని వచ్చి జెండా అందుకునేది. క్వార్టరు గేటుకి పది అంగల దూరం. అనకాపల్లి పక్క పల్లె నుంచి కాపురానికి వచ్చిన రెండో నెల నుంచీ ఇదే వరస. తెలియాల్సిన వాళ్ళందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటమూ తెలుసు.

జెండా ఎవరైనా ఊపుతారు. అసలు పని చూపుది. ఇంజను దగ్గర్నుంచి ఆఖరి బ్రేక్‌వ్యాను దాకా చక్రం చక్రం చూడాలి. ఎక్కడైనా పొగ వస్తోందా, కింద ఏమైనా వేలాడుతోందా, చివర తోకబోర్డు ఉందా, గార్డు పచ్చజెండా చూపిస్తున్నాడా. ఏది తేడాగా ఉన్నా చేతిలోకి ఎర్రజెండా రావాలి. నూకాలమ్మవి ఆ పనికే పుట్టిన కళ్ళు. అయిదేళ్ళ కిందట ఒక బండిలో ముప్పై ఆరో వ్యాగను కింద బ్రేకు కడ్డీ ఊడి స్లీపర్లని గీరుకుంటూ పోతుంటే పట్టుకుంది. బండి ఆపించింది. ఎర్రన్నని డివిజను ఆఫీసుకి పిలిచి మెళ్ళో దండ వేసి సర్టిఫికెట్టు ఇచ్చారు. అతను ఆ దండ వాడిపోకుండా తడిగుడ్డలో చుట్టి రాత్రి బండికి తెచ్చి పెళ్ళాం మెళ్ళో వేశాడు. సర్టిఫికెట్టు మీద పేరు మార్చడానికి మాత్రం వీలు పడలేదు.

"నా కళ్ళకి జోడొచ్చేసింది గానీ, నీ కళ్ళు నాకున్నంత కాలం నాకేటి భయం నేదు" అనేవాడు ఎర్రన్న. మాటవరసకి అనేది కాదది. ఆ చూపు మీదే అతని ఉద్యోగమూ నిద్రా రెండూ నడిచేవి.

ఆట మొదలైంది పక్క క్వార్టరు పోలమ్మ వసారాలో. పోలమ్మ మొగుడు పట్టాల గ్యాంగులో మేస్త్రీ. ఆ వసారా గేటుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డు దాటితే ఉంటుంది. వానలకి బట్టలారక, పొయ్యి రాజుకోక, మొగుళ్ళ మీద కోపం తీర్చుకోవడానికి మొగుళ్ళు ఇంట్లో లేక, అయిదుగురు ఆడవాళ్ళు కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు.

"ఒలే, వొచ్చీ బండి ముందింజను నంబరు ఆఖరంకె ఏటో సెప్పుకోండి సూద్దాం" అంది పోలమ్మ. "సెప్పినోలికి ఈ పిక్కలన్నీ ఇచ్చేత్తాను."

"నీ పిక్కలు ఎవులికి కావాలప్పా? తీసిన చింతపండు పెట్టు" అంది నూకాలమ్మ. "నాలుగు."

ఇంజను మీద అయిదంకెల నంబరుంటుంది. వానలో తడుస్తూ వచ్చిన ఆ నంబరు చివర నాలుగే ఉంది. మొట్టమొదటిసారే గెలవడం కంటే మనిషికి జరిగే చెడు ఇంకోటి లేదు.

పిక్కలు పోయి పావలాలు వచ్చాయి. పావలాలు పోయి రూపాయిలు, తర్వాత నోట్లు. బియ్యం కొలిచే సోలలో అందరూ వేస్తారు. అంకె తగిలినవాళ్ళకి సోల మొత్తం. ఎవరికీ తగలకపోతే సోల అలాగే ఉండిపోయి తర్వాతి బండికి ఇంకాస్త బరువెక్కుతుంది. మొగుళ్ళకి చెప్పకూడదన్నది ఒక్కటే కట్టుబాటు. చెబితే వాళ్ళూ ఆడతామంటారు అని పోలమ్మ వాదన. అందులో నిజం లేకపోలేదు.

పుట్టగొడుగులూ వెదురుకొమ్ములూ అమ్ముకోవడానికి లక్మే రోజూ ఆ గేటు దగ్గర గంప దించేది. ఆంధ్ర సరిహద్దున కుంట అనే ఊరి దగ్గర గొల్లపల్లి ఆమె పుట్టిల్లు, అందుకని తెలుగు వచ్చు. ఆమె మొగుడు సుక్రాం అదే లైను మీద నాలుగు కిలోమీటర్ల దిగువ, తర్వాతి గేటులో గేట్‌మన్. వాళ్ళ ఊరి మొత్తానికి రైల్వే ఉద్యోగం వచ్చిన మొదటి మనిషి. ఇంకా రెండేళ్ళు నిండలేదు. లక్మేని ఆటలోకి రమ్మంటే నవ్వేది.

"మా మొగోళ్ళు సంతల కోళ్ళను కొట్లాడిస్తరు. ఓడిన కోడి కూరన్న అయితది. మీ ఇంజను ఓడితె ఏం తింటరక్కా?"

"ఓడినోలి మొగుణ్ణి" అంది పోలమ్మ. అందరూ పడీ పడీ నవ్వారు. నూకాలమ్మ నవ్వలేదు. బండి కూత వినబడింది.

ఆమెకి ఆట ఆటలా అంటలేదు. ఏ ఇంజను రాయితో దిగువకి పోయింది, ఖాళీ వ్యాగన్లతో ఎన్నో రోజు తిరిగొచ్చింది, అన్నీ బుర్రలో రాసుకుంది. బుధవారం పోయిన తొమ్మిది శనివారం రావాలి. రాకపోతే ఆదివారం ఖాయం. ఆదివారమూ రాకపోతే తప్పు ఇంజనుది గానీ లెక్కది కాదు. కూర తరుగుతుంటే ముక్కలు లెక్కపెట్టేది. బొంబాయిలో ఎవరో పోయారని రేడియో చెబితే, ఎన్నో ఏట పోయారో విని ఆఖరంకె పట్టుకునేది. గెలిస్తే ఆ డబ్బు మర్నాటికి సోలలోకే పోయేది. ఓడితే పాలడబ్బులు పోయేవి. పాలు విరిగిపోయాయని ఎర్రన్నకి చెప్పింది. ఒక నెలలో పదకొండుసార్లు విరిగాయి. ఎర్రన్న పాలవాణ్ణి నిలబెట్టి తిట్టాడు. పాలవాడు గొడ్డుని తిట్టాడు. గొడ్డు ఎవర్ని తిట్టుకుందో తెలియదు.

మానేద్దామనుకోలేదా అంటే, అనుకుంది. తనకి ఎవరి పేరు పెట్టారో ఆ అమ్మవారి మీదే ఒట్టు వేసుకుంది. ఒకరోజు తలుపేసుకుని ఇంట్లో కూర్చుంది. రెండోరోజు, డబ్బు వేయకుండా ఊరికే అంకె చెబితే ఒట్టు తప్పినట్టు కాదని తోచింది. ఊరికే చెప్పిన అంకె తగిలింది. డబ్బు వేసి ఉంటే ఎంత వచ్చేదో లెక్కవేసుకుని ఆ రాత్రంతా ఏడ్చింది. మూడోరోజు అమ్మవారికి కోడిపెట్టని ఇస్తానని మొక్కుకుని ఒట్టు వెనక్కి తీసుకుంది.

భాద్రపదంలో ఎర్రన్నకి చలిజ్వరం పట్టుకుంది. సిక్కు సెలవు పెడితే ఎవరో కుర్రాణ్ణి పంపుతారు, వాడు క్వార్టరులోనే తిష్ఠవేస్తాడు. ఎందుకొచ్చిన గొడవని ఎర్రన్న సిక్కు పెట్టలేదు. గేటుగదిలో బల్ల మీద రెండు రగ్గులు కప్పుకుని పడుకున్నాడు.

"నూకాలూ, ఈ మద్దేన్నం బళ్ళు నువ్వు సూసీయే. నా వొల్ల కాదు."

"నువ్వు తొంగో మావా. నానున్నాను గదా."

సోలలో రెండు రోజులుగా ఎవరికీ తగలక డబ్బు పేరుకుపోయి, పైన ఇటుకముక్క పెట్టాల్సి వచ్చింది. ఆ పూట నూకాలమ్మ ఏడు చెప్పింది. ఇంట్లో మిగిలిందంతా వేసింది. ఎర్రన్న మందుమాత్రలకి ఉంచింది కూడా.

రాయి బండి కూత వేసింది. గేటు వేసి, పచ్చజెండా విప్పి నిలబడింది. మూడు ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి, కొండని లాక్కొస్తున్నట్టు వచ్చాయి. ముందింజను నుదుటి మీద నంబరు ఇంకా మసకగా ఉండగానే ఆమెకి కనబడింది. చివర ఏడు.

ఒళ్ళంతా ఎవరో గోరువెచ్చని నీళ్ళు పోసినట్టయింది. జెండా పట్టుకున్న చెయ్యి చాచినట్టే ఉంచి ఒళ్ళు వెనక్కి తిప్పేసింది. రోడ్డవతల వసారా కేసి చూసి, ఖాళీ చెయ్యి ఒకసారి అయిదు వేళ్ళూ, ఒకసారి రెండు వేళ్ళూ ఎత్తింది.

"ఒలమ్మో! కొట్టీసింది!" అని పోలమ్మ లేచి గెంతింది. "నీ కళ్ళలో నిప్పులు పొయ్య, కొట్టీసినావే!"

ఆమె వీపు వెనక యాభైకి పైగా వ్యాగన్లు ధడధడా పోయాయి. మధ్యలో ఎక్కడో మాడువాసన ఒకటి ముక్కుకి తగిలింది. ఆటలో పడి పోలమ్మ పొయ్యిమీద కూర మర్చిపోయిందనుకుంది. గెలిచిన డబ్బుతో అమ్మవారికి మొక్కిన కోడి కొనాలనుకుంది. తిరిగి చూసేసరికి పట్టాలు ఖాళీగా ఉన్నాయి.

నాలుగింటికి గేటుగది ఫోను మోగింది. స్టేషను మాస్టరు ఏలియా. బొబ్బిలి వైపు మనిషి, ఆదివారం చర్చిలో వాక్యం చదువుతాడు. మామూలుగా గొంతు పెద్దది. ఆ రోజు చిన్నగా ఉంది.

"ఎర్రన్నా, ఆ రాయి బండి సుక్రాం గేటు దాటాక పడిపోయింది. ఇరుసు వేడెక్కి విరిగింది. మూడు వ్యాగన్లు పట్టాలు దిగాయి. దేవుడి దయవల్ల మనుషులకేమీ కాలేదు. నీ గేటులో చూశావు కదా? పొగ ఏమైనా ఉందా?"

ఎర్రన్న ఫోను చేత్తో మూసి, వణుకుతూ పెళ్ళాం కేసి చూశాడు.

"నూకాలూ, బండి సూసినావు కదా?"

"సూసినాను."

"పొగ గానీ?"

చూడలేదంటే ఎందుకు చూడలేదో చెప్పాలి. ఎందుకో చెబితే ఏడు చెప్పాలి, సోల చెప్పాలి, విరగని పాలు చెప్పాలి.

"నేదు" అంది.

"చూశానండీ. పొగ లేదండీ" అన్నాడు ఎర్రన్న ఫోనులో. తను కళ్ళారా చూసినదానికంటే గట్టిగా అన్నాడు.

మర్నాటికల్లా సంగతి తేటపడింది. సుక్రాం వేరేలా చెబుతున్నాడు. బండి తన గేటుకి వచ్చేటప్పటికే ఒక చక్రం దగ్గర పొగ ఉందనీ, తను ఎర్రజెండా ఊపుతూ బండి పక్కన పరిగెత్తాననీ, గార్డు చూడలేదనీ. గార్డు మాత్రం ఎర్రజెండా లేనే లేదంటున్నాడు. నాలుగు కిలోమీటర్ల ముందు గేటులో పొగ లేదని, అందులోనూ సర్టిఫికెట్టు ఉన్న గేట్‌మన్ చెబుతుంటే, సుక్రాం మాట ఎవరు నమ్ముతారు?

"సల్ఫీకల్లు తాగి తొంగుంటాడు" అంది పోలమ్మ. "బండి పడ్డాక లెగిసి కత సెప్తన్నాడు."

"అతను తాగడప్పా" అంది నూకాలమ్మ.

"నీకెలగ తెలుసు?"

పట్టాలు సరిచేసి లైను తెరిచారని, మొదటి బండి వస్తోందని పోలమ్మే చెప్పింది. సోల ముందుకి జరిపింది. నూకాలమ్మ లేచి ఇంటికి పోదామనుకుంది. నిజంగానే అనుకుంది. మూడు అంది. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ తర్వాతా ఆడింది. గెలిచిన డబ్బంతా పోయేదాకా ఆడింది. పోతుంటే కాస్త హాయిగా కూడా ఉంది, ఎవరో శిక్ష వేస్తున్నట్టు. అంతా పోయాక ఆ హాయీ పోయింది. అప్పుడు చెవి కమ్మలు తీసింది.

లక్మే గంప రాలేదు. సీతాఫలాల రోజులు, గేటు దగ్గర ఆమె కూర్చునే రాయి ఖాళీగా ఉంది.

ఎర్రన్నకి జ్వరం తగ్గుముఖం పట్టింది. మంచం మీద కూర్చుని గంజి తాగుతూ అన్నాడు. "సుక్రాం మంచోడే నూకాలూ. పోయినేడు మనకి ఇప్పపువ్వు తెచ్చిచ్చినాడు. పొగ సిన్నదేమో, నీకు కనపడనేదేమో?"

"నాకు కనపడందేటి?" అంది ఆమె.

"అదే. నీకు కనపడందేటి" అని అతను గంజి తాగేశాడు.

నాలుగో రోజు పొద్దున్న ట్రాలీ మీద ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బిలాస్‌పూర్ అవతలి మనిషి, హిందీ తప్ప రాదు. మాట మాటకి మధ్య అర్థం చెప్పడానికి ఏలియా పక్కన కూర్చున్నాడు. గేటుగదిలో బల్ల, దాని మీద కాగితాలు. సుక్రాంని గుమ్మం బయట నిలబెట్టారు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు, గుండీలు ఒక కాజా పైకి తప్పి పెట్టుకున్నాడు. లక్మే అతని వెనక నేల మీద కూర్చుని ఉంది.

ఎర్రన్న చెప్పిందే చెప్పాడు. బండి వచ్చింది, చూశాను, పొగ లేదు. ఇన్‌స్పెక్టరు రాసుకుని, కలం మూసినట్టే మూసి, తలెత్తాడు.

"బ్రేక్‌వ్యాన్ మే కిత్‌నే ఆద్‌మీ థే?"

"బ్రేక్‌వ్యానులో ఎంతమంది ఉన్నారని అడుగుతున్నారు" అన్నాడు ఏలియా. "గార్డు కాగితం ఆయన దగ్గరుంది. నువ్వు నిజంగా చూశావా లేదా అని సరిపోల్చుకుంటారు. జాగ్రత్తగా చెప్పు."

ఎర్రన్న కళ్ళు గది దాటి కిటికీకి వచ్చాయి. కిటికీ అవతల, ఇన్‌స్పెక్టరు వీపు వెనక, నూకాలమ్మ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఉంది. ఆ చూపుకి అర్థం ఆమెకి ఇరవై రెండేళ్ళుగా తెలుసు. నీకు తెలుసు కదా, సెప్పు.

ఆమెకి తెలియదు. ఒకరో ఇద్దరో.

అప్పుడు జరిగింది ఆమె తర్వాత ఎప్పటికీ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. భయం వేయాల్సిన చోట భయం వేయలేదు. బుర్ర చకచకా లెక్క మొదలెట్టింది. బ్రేక్‌వ్యానులో ఎప్పుడూ ఉండేది గార్డు ఒక్కడే. ఒక్కడే అయితే ఈయన ఎందుకు అడుగుతాడు? అడిగాడంటే ఒక్కడు కాడు. ఆ రోజు వ్యాగన్లు తనిఖీ చేసేవాడో ఎవడో ఎక్కి ఉంటాడు. రెండు. ఇంజను మలుపు తిరిగి, నంబరు ఇంకా కనబడని ఆ ఒక్క క్షణంలో ఉండే రుచి నాలుక మీదికి వచ్చింది. ఆమె పళ్ళెంలోంచి రెండు గ్లాసులు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఇద్దరండీ" అన్నాడు ఎర్రన్న.

ఇన్‌స్పెక్టరు కాగితం తిప్పాడు. వేలితో ఒక వరస పట్టుకున్నాడు.

"సహీ హై" అన్నాడు. సరిపోయింది.

మళ్ళీ ఆ గోరువెచ్చని నీళ్ళు. అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా. ఆమెకి నవ్వొచ్చింది. నిజంగా నవ్వింది కూడా, పళ్ళెం చాటున. కొట్టీసినాను.

గదిలో ఇన్‌స్పెక్టరు గబగబా రాస్తున్నాడు. ఏలియా సుక్రాంని లోపలికి పిలిచి మెల్లగా తెలుగులో అన్నాడు. "ఇక్కడిదాకా బండి బాగానే ఉందని తేలింది నాయనా. నీ గేటులో ఎవరూ చూడలేదని రాస్తున్నారు. ఇక్కడ వేలిముద్ర వెయ్యాలి."

"నేను పరిగెత్తిన సార్" అన్నాడు సుక్రాం, పెళ్ళాం దగ్గర నేర్చుకున్న తెలుగులో. "జెండ పట్టుకొని పరిగెత్తిన. కాలికి తగిలింది, సూడుండ్రి." ప్యాంటు మోకాలిదాకా లాగి చూపించాడు. ఏలియా తల తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు సిరా డబ్బా మూత తీశాడు.

సుక్రాం బొటనవేలు సిరాలోకి వెళ్ళింది. నూకాలమ్మ మొహం మీద నవ్వు ఇంకా ఉంది. దాన్ని దించుకుందామంటే దిగడం లేదు. ఆ నవ్వు తనకే పట్టుబడింది. సుక్రాంని సోలలో వేసి ఆడింది. గెలిచింది. బాగుంది.

"బాబూ, ఆగండి" అంది.

గొంతు అంత పెద్దగా వస్తుందని ఆమే అనుకోలేదు. టీ పళ్ళెం పట్టుకునే లోపలికి వచ్చింది.

"ఇద్దరని నాను గుడ్డిగా సెప్పినాను. ఆయన సూడనేదు. ఆయనకి జొరం. జెండా నాను పట్టుకున్నాను. నానూ సూడనేదు."

ఏలియా ఆమె వైపు తిరిగాడు. "ఏం మాట్లాడుతున్నావమ్మా? ఇద్దరు అన్నది సరిపోయింది కదా?"

"సరిపోయింది. అదే బాబూ జబ్బు. ఒక్కోపాలి సరిపోద్ది." ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. "ముందింజను నంబరు అడగండి, అయిదంకెలూ సెప్తాను. దానెనకాల ఒక్క సక్రం సూడనేదు. వొసారా కాసి తిరిగి, ఏడు కొట్టీసినానని వేళ్ళు సూపిస్తన్నాను. మాడువాసన వొచ్చింది. కూర అనుకున్నాను."

"ఏడేమిటి? కొట్టడమేమిటి?"

చెప్పింది. నిలబడే చెప్పింది. చింతపండు నుంచి చెవి కమ్మల దాకా. పోలమ్మ పేరు మాత్రం చెప్పలేదు, ఆడేవాళ్ళం అంది. ఏలియా ఒక్కో ముక్కా హిందీలో అందిస్తుంటే ఇన్‌స్పెక్టరు ముందు చిరాగ్గా విన్నాడు, తర్వాత కలం పక్కన పెట్టి విన్నాడు. నింపిన కాగితాన్ని ఒకసారి జాలిగా చూసుకున్నాడు. అంత పొందిగ్గా కుదిరిన కాగితం. చివరికి ఎర్రన్న వైపు తిరిగి ఒకే మాట అడిగాడు. జెండా ఎవరు పట్టుకున్నారు?

ఎర్రన్నకి అప్పుడు కూడా దారి ఉంది. ఆడమనిషి, మతి సరిగా లేదు అంటే ఏలియా అదే హిందీలో చెప్పి ఉండేవాడు. ఎర్రన్న లేచి నిలబడ్డాడు. రగ్గు భుజం మీంచి జారింది.

"నా ఇంటిదే పట్టుకుందండీ. నానే ఇచ్చినాను" అన్నాడు.

కొత్త కాగితం తీశారు. సుక్రాం వేలి సిరా ఆరిపోయింది. తుడుచుకోమని ఎవరూ చెప్పక, అతను బొటనవేలు ఎత్తి పట్టుకునే చివరిదాకా నిలబడ్డాడు. అతని మీద కాగితం ప్రస్తుతానికి రాయలేదు. గార్డుని మళ్ళీ పిలిచి అడుగుతామన్నారు. ఎర్రన్నని ఆ పూట నుంచే డ్యూటీలోంచి తీసేశారు. క్వార్టరు సంగతి పై ఆఫీసు చెబుతుందన్నారు. ఉద్యోగం సంగతీ అంతే. ట్రాలీ మీద వచ్చిన కుర్ర గేట్‌మన్ లోపలికి వచ్చి, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక నిలబడ్డాడు. ఎర్రన్న జెండాలు రెండూ చుట్టి అతని చేతికిచ్చి, గేటు తాళం ఎలా బిగుసుకుంటుందో, ఎటు నొక్కితే వస్తుందో చూపించాడు. పెళ్ళాం పక్కనించే వెళ్ళాడు. అరుస్తాడనుకుంది. గుమ్మం దగ్గర ఆగాడు.

"వాసన వొచ్చిందా?"

"వొచ్చింది."

అతను తలాడించి ఇంట్లోకి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పోలమ్మ వసారాలో ఎవరూ లేరు. సోల కూడా లేదు. ట్రాలీ వెళ్ళిపోయింది. సుక్రాం పట్టాల వెంట తన గేటుకి నడక మొదలెట్టాడు. లక్మే అతని వెనక నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది. నూకాలమ్మ గేటు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. కృతజ్ఞత చెబుతుందేమో అని ఒక వెధవ ఆలోచన వచ్చింది ఆమెకి.

"అక్కా" అంది లక్మే. "నాలుగు దినాలు మా ఆయన అన్నం ముట్టలే. రాత్రుల్ల లేసి కూసుంటడు. నేను చూసిన్నా, లేకుంటే కల గన్ననా అని నన్నడుగుతడు. నాకు తెల్వదంటి. నేను గూడ నమ్మలే ఆయన్ని." ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. "నీకు తెలుసు గద. ఈ నాలుగు దినాలు నువ్వు ఏం జేసినవ్?"

జ్వరమొచ్చిన మొగుణ్ణి చూసుకున్నాననొచ్చు. భయపడ్డాననొచ్చు. రెండూ అబద్ధాలు కావు. దిగువ నుంచి ఖాళీ బండి కూత వినబడింది. నూకాలమ్మ గేటు కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, తల అటు తిప్పకుండా లక్మే మొహంలోకే చూసింది.

"ఆడినాను" అంది.